చంద్రి తింటున్నది

నాకు కోపం జాస్తి. "నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలేదే, తిట్టినవ్" అంటది మా అత్త. అందుకే ముందే చెప్తున్న, ఇది చెప్పుకుంట నేను మస్తు మందిని తిడ్త, నన్ను నేను గూడ తిట్టుకుంట. బర్రెలను మాత్రం ఒక్క మాట అనను.

నా పేరు భాగ్య. క్యాంపస్‌ల పశువుల మీద రీసెర్చ్ చేస్తున్న. పశువు ఎంతసేపు మేస్తది, ఎంతసేపు పండుకుంటది, దానికి కష్టమొస్తే మనకెట్ల తెలుస్తది, గిదీ నా చదువు. మెడకు ఒక పట్టీ కడ్తం. అండ్ల చిన్న సెన్సర్ డబ్బీ ఉంటది. పశువు తల ఎట్ల కదిలిస్తే గట్ల అది పట్టుకోని నా ఫోన్‌కు పంపుతది. ఫోన్ల పచ్చగ కనిపిస్తే మేస్తున్నదని, నీలం కనిపిస్తే నెమరేస్తున్నదని, బూడిద రంగు కనిపిస్తే ఊరికె నిలబడ్డదని.

ఉండేది తార్నాకల, మా మేనత్త లచ్చవ్వ ఇంట్ల. చౌరస్తా దాటి లాలాగూడ దిక్కు పోతుంటే లోపలి గల్లీ. ముంగట అపార్ట్‌మెంట్లు లేస్తనే ఉన్నయి, ఎనుక మా రేకుల కొట్టం అట్లనే ఉన్నది. పొద్దున అపార్ట్‌మెంటోళ్లు పాలకోసం క్యాన్లు పట్టుకోని వస్తరు. మధ్యాహ్నం పెండ వాసనొస్తున్నదని కంప్లైంట్ ఇస్తరు. పాలు పిండేది అత్త కొడుకు నరహరి. నాకు బావ అయితడు. నన్ను "డాక్టరమ్మా" అని పిలుస్తడు, నా థీసిస్ ఇంకా గాలేదని యాది చేసేటందుకు.

మా గైడు శశిభూషణ్ సార్‌కు సిటీ నడుమ బతికే పశువులు గావాల్సి వచ్చినయి. "మా అత్త ఇంట్ల ఉన్నయి సార్" అన్న. గట్ల మా బర్రెల మెడలకు పట్టీలు పడ్డయి. అత్త మురిసిపోయింది. "నా పెండ్లిల నా మెడకే ఏం పెట్టలే, వీటికి పెట్టినవా" అని నవ్వింది.

అండ్ల చంద్రి అంటే అత్తకు పానం. నుదుట తెల్ల మచ్చ ఉంటది దానికి. అత్త గొంతు ఇనవడితే చాలు, చెవులు లేపుతది. గని బావ దగ్గర ఒక్కటే మాట. పాలిచ్చే బర్రె కొట్టంల ఉంటది, ఇయ్యనిది పశువుల బేరగాడు ఉమాపతి టెంపో ఎక్కుతది. ఆ టెంపో సంతకు పోతదని బావ చెప్తడు. అది ఏడికి పోతదో మా అందరికి తెల్సు, ఎవ్వరం అడగం.

ఎండాకాలం మొదట్ల చంద్రి ఈనింది. ఆడ దుడ్డె పుట్టింది. వారం గూడ తిరగకముందే సచ్చిపోయింది. దుడ్డె వచ్చి మూతి పెడితెనే బర్రె చేపుతది, పొదుగులకు పాలు దిగుతయి. దుడ్డె లేకుంటే పాలు లోపట్నే ఆపుకుంటది. గట్లాంటప్పుడు చానమంది సూది ఇచ్చి దించుతరు. మా ఇంట్ల గూడ ఇచ్చేటోళ్లు. నేనే కొట్లాడి మాన్పిచ్చిన. పోయినేడు కొట్టంల సూదులన్ని ఏరి పారేసి, "మళ్ల ఈ ఇంట్ల సూది కనిపిస్తే నేను హాస్టల్‌కు పోత" అన్న. అత్త నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

మరి ఇప్పుడేం జేయాలె? బావ ముషీరాబాద్ పోయి తోలు పని చేసే ఒక మనిషిని తోలుకొచ్చిండు. దుడ్డె తోలు ఒలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, అండ్ల వరిగడ్డి కుక్కి కుట్టిన్రు. కాళ్ల జాగల కట్టెలు పెట్టిన్రు. కండ్ల జాగల కుట్లు పడ్డయి. ఇది పాతకాలం పద్ధతే, మా తాత గూడ చేసేటోడంట.

"ఇది మోసం బావా. సచ్చిన బిడ్డ తోలు చూపెట్టి తల్లి దగ్గర పాలు గుంజుతవా?" అన్న.

"సూది వద్దంటివి. ఇప్పుడు తోలు వద్దంటవ్. మరి ఉమాపతికి ఫోన్ చెయ్యాల్నా? నువ్వే చెప్పు డాక్టరమ్మా."

ముందు నుయ్యి, ఎనుక గొయ్యి.

తోలు దుడ్డెను చంద్రి ముంగట నిలబెట్టిన్రు. చంద్రి వాసన చూసింది. సన్నగ ఒక్కసారి ఒర్రింది. తర్వాత నాకుడు మొదలుపెట్టింది, పాలు చేపినయి. బావ బకెట్ల పాలు పట్టుకోని నా దిక్కు చూడకుంట పోయిండు. అత్త కొంగుతోని కండ్లొత్తుకోని, "దాని పానానికి ఏదో ఒకటి ఉండనియ్యి బిడ్డా" అన్నది.

పాలు పిండినంక ఆ తోలును తీసి పక్కకు పెడ్తరు మామూలుగ. మా దగ్గర తీస్తే చంద్రి ఒర్రి ఒర్రి గల్లీ లేపింది. అపార్ట్‌మెంట్ల నుంచి ఇద్దరు దిగొచ్చి, "ఏందిది, పిల్లలకు పరీక్షలున్నయి" అని బావ మీదికి లేచిన్రు. గంతే, ఇగ తోలు దుడ్డెను తీసుడే లేదు. పొద్దంత చంద్రి ముంగట్నే పెట్టిన్రు. చంద్రి సప్పుడు చెయ్యలే. అందరికి సల్లగున్నది.

గప్పుడే అత్తకు కంటి ఆపరేషన్ అయింది. దుమ్ముల తిరగొద్దు, కొట్టం దిక్కే పోవద్దు అని డాక్టర్ గట్టిగ చెప్పిండు. అత్త కంటికి ప్లాస్టిక్ మూత పెట్టుకోని వాకిట్ల మంచం మీద కూసునేది. నేను చెప్పులిడుస్తుంటెనే అడిగేది.

"చంద్రి తింటున్నదా?"

నేను ఫోన్ తీసి చూసేదాన్ని. పచ్చగ ఉండేది. "తింటున్నదత్తా. ముందటికంటె ఎక్కువనే తింటున్నది."

"నీ ఫోన్ సల్లగుండ" అని ఆ ఫోన్‌కు మెటికలిరిచేది అత్త.

బావ పొద్దున, మాపున గబగబ పాలు పిండుతడు, తొట్లె మేత ఏస్తడు, ఆటో తీస్కోని పోతడు. మళ్ల వచ్చి చూసేసరికి తొట్టి ఖాళీ. పాలు జర తగ్గినయి గని, ఎండలకు తగ్గినయనుకున్నడు. పక్కన కట్టేసిన ఇంకో బర్రె రాణి ఎందుకో ఊకె బలిసిపోతున్నదని మాత్రం అన్నడు. "దీనికి నీ చదువు ఒంటవట్టింది డాక్టరమ్మా" అని నవ్విండు. నేను గూడ నవ్విన. కండ్లుండి కబోదులం.

క్యాంపస్‌ల శశిభూషణ్ సార్ చంద్రి గ్రాఫ్ చూసి కుర్చీల నుంచి లేచిండు.

"భాగ్యా, ఇది చూడు! దూడ పోయినా తల్లి మేత తగ్గలేదు. పెరిగింది. అంటే మనం అనుకున్నంత బాధ వాటికి ఉండదన్నమాట."

"ఒర్రింది గద సార్. నేనే విన్న" అన్న.

"విన్నది నువ్వు. కొలిచింది సెన్సర్. మనం ఏది రాయాలి?"

పట్టీలు తయారు చేసే కంపెనీ వాళ్లు మాట్లాడేటందుకు క్యాంపస్‌కు రాబోతున్నరు. చంద్రి గ్రాఫే మొదటి స్లైడ్ అన్నడు సార్. దాని కింద నా పేరు. నాకు మీసాలుంటే మెలేసేదాన్ని. ఇంట్ల అందరికి చెప్పుకున్న. ఒర్రిన సంగతి మళ్ల ఎత్తలే.

మీటింగ్‌కు ముందటి దినం సార్ ఫోన్ చేసిండు. "ఆ గేదె ఫోటో ఒకటి మంచిది తియ్యి. మేస్తుండగా తియ్యి. మొదటి స్లైడ్ మీద పెడదాం."

మధ్యాహ్నం కొట్టంలకు పోయిన. రేకులు కాలి లోపట ఉడుకుతున్నది. ఫోన్ల చూస్తే చంద్రి పచ్చగ ఉన్నది. మంచిదే, మేస్తున్నది, ఫోటో తీస్తనని ముంగటికి పోయిన.

చంద్రి మేస్తలేదు. తల కిందికి వంచి తోలు దుడ్డెను నాకుతున్నది. మెడ నుంచి తోక దాక, మళ్ల మెడ నుంచి తోక దాక. నాకి నాకి ఆ తోలు మీద ఒక్క ఎంటిక గూడ మిగల్లే, ఒక దిక్కు తడిసి నున్నగ మెరుస్తున్నది. దాని తొట్లె ఏసిన గడ్డిని పక్క నుంచి రాణి మెడ చాపి గుంజుకోని తింటున్నది. నా చేతిల ఫోన్ మాత్రం చంద్రి మేస్తున్నదని చూపెడ్తనే ఉన్నది.

నాకు అప్పుడు సమజయింది. ఈ యాప్‌కు మేత అంటే ఏందో నేర్పింది మేమే, క్యాంపస్ షెడ్డుల ఉండే ఆవుల మీద. తల కిందికి వంచి, ఒక్క తీరుగ ముందుకెనుకకు ఊపితే మేత అని చెప్పినం. ఆ షెడ్డుల దూడలను పుట్టంగనే వేరే జాగల కట్టేస్తరు. తల్లి బిడ్డను నాకుడు అనేది అక్కడ లేనే లేదు. లేనిదాన్ని మేము దానికెట్ల నేర్పుతం? దానికి తెల్సిన మాటల్ల దగ్గరున్న మాట మేత. అదే చెప్పింది.

చంద్రి నడుము మీద చెయ్యేసిన. ఎముక చేతికి తగిలింది. పక్కటెముకలు ఒక్కొక్కటి తగిలినయి. దగ్గరికొచ్చి ముట్టుకుంటే ఎవ్వలకైన తెలిసేది. నేను ముట్టుకోలే. థూ నా బతుకు చెడ! పశువుల కష్టం కనిపెట్టుడు నా చదువంట.

పచ్చగడ్డి పిడికెడు తీసి మూతి కాడ పెట్టిన. వాసన చూసి మొఖం తిప్పుకోని మళ్ల తోలు దిక్కే పోయింది. తవుడు కలిపిన కుడితి పెట్టిన. ఒక గుక్క తాగి వదిలేసింది. నేను ఒర్రిన ఒర్రుడుకు బావ పండుకున్నోడు లేచి ఉరికొచ్చిండు. చంద్రి నడుము తడిమి చూసిండు.

"ఇది పడిపోతది భాగ్యా" అన్నడు. డాక్టరమ్మా అనలే. "పడ్డ బర్రె మళ్ల లేవదు."

"తోలు తీసేద్దాం బావా. తీసేస్తే తింటదేమో."

"తీస్తే పాలు ఆపుతది. పాలాపిన బర్రెను, అదీ ఇట్ల బక్కచిక్కినదాన్ని, నేనేం జేయాలె? నడిచే కాళ్లున్నప్పుడే పంపాలె." గంతే అని, కొట్టం బయటికి పోయి ఉమాపతికి ఫోన్ చేసిండు. రేపు పొద్దున టెంపో తెస్తనన్నడంట.

వాకిట్ల మంచం మీద నుంచి అత్త పిలిచింది. "ఏందే ఆ లొల్లి? చంద్రి తింటున్నదా?"

చెప్పులేసుకోని క్యాంపస్‌కు ఉరికిన.

సార్ రూంల స్లైడ్లు చూసుకుంట కూసున్నడు. నేను ఆగకుంట అంత చెప్పిన. ఆయన చెడ్డ మనిషేం గాదు. ఇన్నకొద్ది మొఖం వాడిపోయింది, అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు.

"ముందు ఆ తోలుదూడను తీసెయ్. రెండు పూటలు అరుస్తుంది. పాలు ఆపేస్తుంది. తర్వాత తినవచ్చు, తినకపోవచ్చు. ఏదో ఒకటి లోపలికి పోవాలి, అది ముఖ్యం."

"రేపటి స్లైడ్ సార్?"

ఆయన కిటికీ దిక్కు చూసిండు. "ఒక్క గేదె తప్పయితే మిగతా డేటా తప్పు కాదు కదమ్మా. ఈసారికి స్లైడ్ ఉండనీ. వాళ్లు ఈ ఒక్క గ్రాఫ్ చూడటానికే వస్తున్నారు. పేపర్ రాసేటప్పుడు సరిచేద్దాం."

"దాన్ని చూసి బిడ్డల్ని ఇడదీసినా ఏంగాదు అనుకుంటరు సార్ వాళ్లు. పెద్ద పెద్ద ఫారాలోళ్లకు అదే చెప్తరు."

"అరవకు భాగ్యా."

"అరుస్త సార్. చంద్రి అరిస్తే మీరు రాసుకోలే. నేనన్న అరుస్త."

తలుపు ధడేల్మని ఏసి వచ్చిన. క్యాంపస్ రోడ్డు మీద నడుస్తుంటే ఏడుపు ఆగలే. దారిల పోయేటోళ్లు చూసినా సిగ్గనిపించలే. సార్ మీద కోపం సగమే. రోజు రోజు ఆ మంచం కాడ నిలబడి, ఒంటి కన్నుతోని నన్ను నమ్మి అడిగిన మనిషికి, తింటున్నదత్తా అని చెప్పింది సార్ గాదు.

ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీగ ఉన్నది. కంటి మూత దిండు మీద పెట్టి ఉన్నది. కొట్టంలకు ఉరికిన.

అత్త పెండల చతికిలబడి కూసున్నది. కొంగు నెత్తి మీద నుంచి కండ్ల దాక గుంజుకున్నది. తోలు దుడ్డె ఆమె ఒళ్లె ఉన్నది. చంద్రి ఆమె మీదికి వంగి దాన్ని నాకుతనే ఉన్నది. బావ గుంజకు ఆనుకోని, ఖాళీ బకెట్ పట్టుకోని నిలబడ్డడు. మాపటి పాల యాళ అది.

"అత్తా, లే. నీ కన్ను పోతది" అన్న.

"పోతె పోయె. ఉండి ఏం చూసింది?" అన్నది అత్త. నా దిక్కు తిరగలే. "నరహరి అంత చెప్పిండు. పచ్చిది పెట్టిన, తవుడు పెట్టిన, బెల్లం పెట్టిన. దేన్నీ ముట్టదు. దీన్నే ఇడవదు."

నన్ను మాత్రం ఒక్క మాట అనలే. తిడితే బాగుండు అనిపించింది. నేను పక్కన కూసోని, "నేను తప్పు చెప్పిన అత్తా" అన్న.

"నువ్వు కావాలని చెప్పినవా? ఏడ్వకు. ఆ కొడవలి ఇటియ్యి."

ఇచ్చిన. ఏం చేస్తదో తెల్వలే. అత్త తోలు దుడ్డె పొట్ట కింద ఏళ్లతోని తడిమి కుట్టు దొరకవట్టింది. బావ "అమ్మా, అమ్మా, వద్దే" అన్నడు. అత్త కొడవలి మొన పెట్టి కుట్టు తెంపింది. ఒక్క కుట్టు పోంగనే అన్ని ఊడొచ్చినయి. లోపటి నుంచి వరిగడ్డి బయటికొచ్చింది. ఇన్ని దినాలు ఆ తోలుల ఉండి ఉండి అది తోలు వాసనే అయింది. నాకే తెలుస్తున్నది, చంద్రికి తెల్వదా?

అత్త పిడికెడు గడ్డి తీసి చంద్రి మూతి కాడ పట్టుకున్నది. "తిను నా తల్లీ. నీ బిడ్డదే. నీ బిడ్డనే పెడ్తున్నది" అన్నది.

చంద్రి నాకుడు ఆపింది. ఆ గడ్డిని చానసేపు వాసన చూసింది. తర్వాత నాలుక చాపి, ఆ గడ్డిని లోపటికి తీసుకోని నమిలింది. అత్త ఇంకో పిడికెడు తీసింది. అదీ తిన్నది.

బావ బకెట్‌ను నేల మీద బోర్లిచ్చిండు. ఇయ్యాల పాలు పిండడని అర్థమయింది. నేల దిక్కు చూసుకుంట అడిగిండు. "పొద్దున ఉమాపతికి ఏం చెప్పాలె?"

"బండిల ఇంకో జాగ ఉంటే నన్ను గూడ ఎక్కించుకొమ్మని చెప్పు" అన్నది అత్త. "నేనూ పాలిస్తలేను గద."

బావ ఫోన్ జేబుల నుంచి తీసి గల్లీలకు పోయిండు. ఎవ్వరికి చేసిండో, ఏం చెప్పిండో మాకు ఇనరాలే.

సార్ ఫోటో అడిగింది అప్పుడు యాదికొచ్చింది. మొదటి స్లైడ్ మీదికి, మేస్తుండగా. తీసిన. పొట్ట తెగిన తోలు, అత్త చెయ్యి, ఆ చేతిల గడ్డి, చంద్రి మూతి. సార్‌కు పంపి కింద రాసిన, "రేపు ఇది పెట్టుండ్రి సార్. ఇదొక్కటే నిజంగ మేత. మీరు పెట్టకుంటే నేనే లేచి చూపెడ్త." సార్ చూసినట్టు తెలిసింది. జవాబు రాలే.

"ఏందే, ఫోన్ ఏమంటున్నది?" అని అడిగింది అత్త, అలవాటు కొద్ది.

యాప్ తెరిచిన. చంద్రి తల లేపి అత్త చేతిల నుంచి తింటున్నది, కిందికి వంగుతలేదు. ఫోన్ల బూడిద రంగు ఉన్నది. ఊరికె నిలబడ్డదంట.

"ఏం తింటలేదంటున్నది అత్తా."

"అననియ్యి" అన్నది అత్త, ఇంకో పిడికెడు అందుకుంట.

ఫోన్ పక్కకు పడేసిన. దుడ్డె పొట్ట అప్పటికే సగం ఖాళీ అయింది. చంద్రి మళ్ల మూతి చాపింది. నేను ఆ తోలు లోపటికి చెయ్యి పెట్టి, ఇంక ఎంత గడ్డి మిగిలిందో తడిమి చూసిన.